ఆముదం గుడ్డ

పలాస దగ్గర, మన ఊరు.
బుధవారం మొదలుపెట్టి శనివారం ముగించినది.

చిరంజీవి సౌభాగ్యవతి శ్రావణిని అమ్మ దీవించి రాయునది. నువ్వు, అల్లుడు జగదీష్ గారు, మీ అత్తగారు, నీ కడుపులోని నలుసు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను బాగున్నాను. మీ నాన్న బాగున్నాడు. ఆవు బాగుంది. అందరం క్షేమమని రాయబోయి రెండు కాగితాలు చింపేశాను. ఆ మాట ఇంక నా చేత్తో రాయను. ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ రాస్తాను, పోయినదాని పేరు కూడా రాస్తాను.

నీ ఉత్తరం ఖరగ్‌పూర్ నుంచి సెలవు మీద వచ్చిన రైల్వే ఆయన తెచ్చి ఇచ్చాడు. ఫోనులో మాట్లాడితే అత్తగారు స్పీకరు పెట్టమంటారు, అందుకే కాగితం మీద రాస్తున్నాను, చదివి పొయ్యిలో పెట్టెయ్యమ్మా అని రాశావు. పొయ్యిలో పెట్టలేదు, బియ్యం డబ్బాలో దాచాను. నాకూ ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. రెండు మాటలు చెప్పేసరికి నువ్వు అటు ఏడుస్తావు, ఛార్జింగు అయిపోతుంది. నేను చదివింది ఐదో తరగతి. నీ ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం చూసి, ఇది నువ్వే గీసుకున్నావని మీ మాస్టారు నిన్ను గోడ దగ్గర నిలబెట్టారు, గుర్తుందా? ఆ చేతిరాతే ఇది. ఓపిగ్గా చదువుకో.

ఈ ఏడు జీడి పూత ముందే వచ్చింది. తోటలోకి వెళ్తే ఆ వాసనకి తల తిరుగుతుంది. నీ చిన్నప్పుడు పూత రోజుల్లో నీకు తుమ్ములు పట్టుకునేవి. ఆవు ఈనింది, పెయ్య. నుదుట తెల్ల మచ్చ. ఇంకా పేరు పెట్టలేదు. ఈ ఇంట్లో దూడలకీ కుక్కపిల్లలకీ పేర్లు పెట్టేది మీ చెల్లే కదా. మీ నాన్న "పెయ్యా, పెయ్యా" అనే పిలుస్తున్నాడు.

నువ్వు మూడు అడిగావు. ఏడో నెలలో తీసుకెళ్ళడానికి రావలసినదానివి ఎందుకు రాలేదమ్మా అని ఒకటి. చెల్లి చివర్లో నన్ను అడిగిందా అని ఒకటి. మా అత్తగారు అంటున్నట్టు ఇది ఉద్దానం కిడ్నీ జబ్బేనా, నాకూ నా బిడ్డకీ వస్తుందా అని మరొకటి. మొదటిదానికి జవాబు చివర రాస్తాను. ముందే రాస్తే మిగతాది నువ్వు చదవవేమోనని నా భయం.

చెల్లి నిన్ను అడిగింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో మొదటిరోజు సాయంత్రం, పడుకుంటే ఊపిరాడక నా గుండెకి ఆనుకుని కూర్చుంది. మొహం ఉబ్బి కళ్ళు గీతల్లా అయిపోయాయి. అయినా నోరు ఊరుకుంటుందా? "అమ్మా, అప్పకి గుంటడు పుడితే నన్ను ఏటని పిలుత్తాడు?" అంది. పిన్ని అంటాడని చెప్పాను. "నాను ఇంత సిన్నదాన్ని కదా, నవ్వడా?" అంది. నవ్వడులే అన్నాను. దానికి పదేళ్ళు. పిన్ని అయ్యే సంగతి తెలిసిన రోజు నుంచి బడిలో అందరికీ చెప్పుకుని తిరిగింది. మర్నాడు మధ్యాహ్నం పోయింది. నిన్ను ఆఖరిచూపుకి పంపలేదని మీ అత్తగారి మీద నాకు కోపం లేదు. మూడో నెల, వాంతులు, కడుపుతో ఉన్నది శవాన్ని చూడకూడదన్నారు. సరే. కానీ తర్వాత ఆవిడ అన్న మాట మీద మాత్రం నాకు కోపం ఉంది. "ఆ ఊరి నీళ్ళే అంత, ఆ ఇంటి రక్తమే అంత, పురిటికి అక్కడికి పంపితే తిరిగి రాదు" అని అన్నారంట. వాళ్ళ పుట్టిల్లు టెక్కలి అవతల, వరి పొలాల ఊరు. ఉద్దానం అంటే వాళ్ళకి ఎప్పుడూ ఆ చూపే.

దానికి జవాబు రాస్తున్నాను, నిదానంగా చదువు.

మీ తాత, మీ పెదనాన్న కిడ్నీలు పాడై పోయారు. ఆ రోగం మన ఊళ్ళో ఉంది, లేదనడం లేదు. అది ఎందుకొస్తుందో పెద్ద పెద్ద వాళ్ళకే ఇంకా అంతుచిక్కలేదు. దాని భయంతోనే కదా మీ నాన్న మీరిద్దరూ పుట్టినప్పటి నుంచీ సైకిలు మీద శుద్ధి చేసిన నీళ్ళ టిన్ను తెచ్చేది. వానలో తడిసి తెచ్చేవాడు, జ్వరంతో తెచ్చేవాడు. మీ నోట్లో నూతి నీటిబొట్టు పడనివ్వలేదు.

శ్రావణమాసంలో చెల్లి కాళ్ళ మీద, మోకాలి కింద, పుండ్లు లేచాయి. నీళ్ళ పొక్కుల్లా లేచి చితికి పసుపు పచ్చగా చెక్కు కట్టేవి. నేను ఏమనుకున్నానో తెలుసా? జీడి అంటుకుందనుకున్నాను. బడి వదలగానే నేను జీడిపిక్కలు కొట్టే షెడ్డుకి వచ్చి నా పక్కన పిక్కల తొక్కల్లో కాళ్ళు పెట్టి కూర్చునేది. తొక్కలోని నూనె తగిలితే చర్మం పొంగి నల్లబడుతుందని ఈ ప్రాంతంలో చంటిపిల్లకి కూడా తెలుసు. నా చేతులు ఇరవై ఏళ్ళుగా అలాగే ఉన్నాయి. జీడి పుండుకి ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళని ఎప్పుడైనా చూశావా? ఆముదం రాస్తే మానుతుంది. అదే చేశాను.

కొన్ని మానాయి, కొన్ని కొత్తవి లేచాయి. మూడు వారాలు పోయాక ఒకరోజు పొద్దున్న లేచేసరికి దాని కళ్ళ కింద ఉబ్బు. ఒంటేలు టీ డికాషను రంగులో ఉంది. మీ నాన్న అది చూశాడు. "వచ్చీసినాది రత్నాలూ. మా అన్నకి వచ్చిందే దీనికీ వచ్చీసినాది," అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఉద్దానంలో మొహం ఉబ్బితే ఇంకేమనుకుంటారు చెప్పు? పదేళ్ళ పిల్లకి ఎక్కడైనా వస్తుందా అని ఒక్కరమైనా ఆలోచించలేదు. పుండ్లకీ దానికీ లంకె ఉందని అసలే తెలియదు. పెదనాన్నని వారానికి మూడుసార్లు మిషను మీద పడుకోబెట్టడం చూసినవాళ్ళం. పిల్లని అక్కడికి తీసుకెళ్ళడానికి మనసొప్పలేదు. నలుగురికీ తెలిస్తే రేపు దాని పెళ్ళికి అడ్డమని కూడా అనుకున్నాం, అబద్ధమెందుకు. పది రోజులు తలుపు వేసి ఉంచాం. కిడ్నీలు కడుక్కుపోతాయని మీ నాన్న గ్లాసు తర్వాత గ్లాసు టిన్ను నీళ్ళు తాగించాడు. అది కూడా తప్పేనని, ఆ ఒంట్లోంచి నీళ్ళు బయటికి పోవడం లేదని, అవే ఊపిరితిత్తులకి పట్టాయని తర్వాత తెలిసింది.

చివరికి దానికి ఊపిరాడకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ అందరికంటే ముందు కాళ్ళ వంక చూసింది వసంతలక్ష్మి గారు. ఆవిడ మందులిచ్చే డాక్టరు కాదు, కంటికి కనబడని పురుగుల్ని పరీక్షించే డాక్టరమ్మ. దూది చుట్టిన పుల్లతో ఆ పుండు మీద తుడిచి గొట్టంలో పెట్టుకుంది. ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయి, ఏం రాశారు అని అడిగింది. జీడి పుండ్లమ్మా, ఆముదం రాశాను అన్నాను. అంతే చెప్పాను.

ఆ పుండులో దొరికిన పురుగు పేరు స్ట్రెప్టోకాకస్. మూడు రోజులు వల్లించి నేర్చుకున్నాను. నా బిడ్డని పట్టుకుపోయిన దాని పేరు నాకు నోరు తిరగకపోతే ఎలా? ఫోటోలో చూపించారు, పూసలు గుచ్చినట్టు వరసగా ఉంటుంది. అది కిడ్నీ దాకా వెళ్ళనే వెళ్ళదంట. చర్మం మీదో గొంతులోనో ఉంటుంది. దానితో పోరాడటానికి మన ఒళ్ళు పంపిన బలగమే దారి తప్పి రెండు మూడు వారాలకి కిడ్నీల మీద పడుతుందంట. చాలామంది పిల్లలు వేళకి తెస్తే తేరుకుంటారని కూడా చెప్పింది డాక్టరమ్మ. చెప్పకుండా ఉండవలసిందని ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. మీ అత్తగారికి ఇది చెప్పు. ఇది మన నీళ్ళ రోగం కాదు, రక్తం రోగం కాదు. మీ తాతకి వచ్చింది వేరు, చెల్లికి వచ్చింది వేరు. ఖరగ్‌పూర్‌లో పుండు పడినా రావచ్చు, టెక్కలి అవతల పడినా రావచ్చు.

కార్తీకమాసంలో డాక్టరమ్మ మనుషుల్ని వెంటబెట్టుకుని మన ఊరి బడికి వచ్చింది. అందరి గొంతులూ పుండ్లూ పరీక్ష చేస్తామంది. ఒక్కరు రాలేదు. ఇప్పటికే ఉద్దానం అంటే పిల్లనివ్వడం లేదు, ఇంకో రోగం పేరు కూడా తగిలించుకోవాలా అని పెద్దలు కూర్చుని అనుకున్నారంట. నీ పెళ్ళాన్ని ఇంట్లో ఉంచుకో అని మీ నాన్నకి కబురు చేశారు. మీ నాన్న ఆ కబురు నాకు చెప్పి, చెప్పాను అంతే అని తోటకి వెళ్ళిపోయాడు. నేను తిన్నగా బడికి వెళ్ళి, వరండాలో, దారిన పోయేవాళ్ళందరికీ కనబడేలా కుర్చీ వేయించుకుని, నోరు తెరిచి కూర్చున్నాను. గొంతులో పుల్ల పెట్టారు. చేతివేళ్ళ పగుళ్ళ మీద కూడా తుడిచారు. అయ్యాక కూడా లేవలేదు. చూసేవాళ్ళు చూడనీ అని కూర్చున్నాను. చాలాసేపటికి మన వరసలో పిక్కలు కొట్టే అసిరమ్మ వచ్చింది. "నువ్వు నోరు తెరిత్తే అంతూ పొంతూ ఉండదని ఊరందరికీ ఎరికే. లెగు, నా వంతు," అంది. దాని వెనక నలుగురు, వాళ్ళ వెనక పిల్లలు.

నెల దాటాక ఫలితాలు వచ్చాయి. షెడ్డు ముందు మమ్మల్ని కూర్చోబెట్టి డాక్టరమ్మ చెప్పింది. ఈ పురుగు పేరు ఒకటే గానీ దానికి రెండువందలకి పైగా ఇంటిపేర్లు ఉన్నాయంట. ఒక ఇంటిపేరుది గొంతులో కాపురం చేస్తుంది, ఒకటి చర్మం మీద. ఒకటి గుండె కవాటాల మీద పడుతుంది, ఒకటి కిడ్నీలకి ఎసరు పెడుతుంది, ఇంకొకటి ఏమీ చేయకుండా ఊరికే పడి ఉంటుంది. దాని లోపలి రాత చదివితే ఇంటిపేరు తెలుస్తుంది, ఎవరి నుంచి ఎవరికి నడిచిందో తెలుస్తుంది. మన ఒక్క ఊళ్ళోనే ఆరు ఇంటిపేర్లు దొరికాయి. బడిపిల్లల గొంతుల్లో మూడు రకాలు. సముద్రం వైపు వీధిలో మరో రెండు. చెల్లి కాలి మీద ఉన్నది మాత్రం వాటిలో ఏదీ కాదు. మన నూతి నీళ్ళే తాగే పక్కవీధిలో అది ఒక్కరికి కూడా లేదు. అది ఉన్నది మన షెడ్డులో, మన వరసలో. పదకొండుగురు ఆడవాళ్ళకి, వాళ్ళ ఇళ్ళల్లో ముగ్గురు పిల్లలకి.

"ఇది గాల్లో వచ్చింది కాదు, నీళ్ళల్లో వచ్చింది కాదు. మీ వరసలో చేతి నుంచి చేతికి నడిచింది. మీరందరూ పంచుకునేది ఏమిటి?" అని అడిగింది డాక్టరమ్మ.

టీ గ్లాసు అన్నారొకరు. తువ్వాలు అన్నారొకరు. చుట్ట అన్నారొకరు. నాకు తెలిసిపోయింది. కానీ ఆ రోజు నోరు విప్పలేదు. ఊరి ముందు నోరు తెరిచి కూర్చున్న రత్నాలమ్మే, ఆ రోజు నోరు మూసుకుని ఇంటికి వచ్చేసింది.

నువ్వు షెడ్డుకి వచ్చి చాలా ఏళ్ళయింది, మర్చిపోయి ఉంటావు. పిక్కలు కొట్టేముందు వేళ్ళకి ఆముదం రాసుకుంటాం కదా, తొక్క నూనె అంటకుండా. గిన్నెలో పోసుకుంటే ఒలికిపోతుందని, ఆముదంలో నానబెట్టిన గుడ్డ ఒకటి వరస మొదట్లో ఉన్నామె దగ్గర ఉంటుంది. ఆమె పిండుకుని పక్కామెకి ఇస్తుంది, ఆమె పక్కామెకి. అలా రోజుకి పదిసార్లు వరస చివరిదాకా వెళ్ళి వస్తుంది. వేళ్ళు కాలినామె ఇంకాస్త గట్టిగా పిండుకుంటుంది. ఆ గుడ్డని ఉతకరు. చిరిగితే మీద ఇంకో పేలిక చుడతారు. పాతబడేకొద్దీ దానికి గుణం వస్తుందని మా అందరి నమ్మకం. కొత్తగా పనికి వచ్చిన పిల్లకి, పెద్ద పుండు పడినదానికి, ముందు గుడ్డ ఇవ్వడం మా మర్యాద. అడిగిన వెంటనే మిగతావాళ్ళెవరికీ గుర్తు రాలేదంటే, అది మా చేతుల్లో ఒక చేయి అయిపోయిందన్నమాట.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మకి ఫోను చేసి చెప్పాను. ఆవిడ గుడ్డ ముక్క పట్టుకెళ్ళి పరీక్ష చేయించింది. దాని మీద ఆ పురుగు దొరకలేదు. అందుకని గుడ్డేనని రూఢిగా చెప్పలేం, కానీ ఆపడం మంచిది అంది.

నేను షెడ్డుకి వెళ్ళి గుడ్డ అడిగి తీసుకుని, పిక్కలు వేయించే బట్టీ దగ్గరికి నడిచి, మంటలో వేసేశాను. ఆముదం కదా, భగ్గున లేచింది. అసిరమ్మ గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, మా అత్త కాలంనాటి గుడ్డే అది. ఆమె పోయినా గుడ్డ మిగిలింది. నీ సేతిలో పడి అదీ పోనాది," అంది. షావుకారు తారకేశ్వరరావు గారు లోపలి నుంచి వచ్చారు. మంచి మాటగానే మొదలెట్టారు. "గుంట పోనాదంతే నాకూ కడుపు కాలతాది రత్నాలమ్మా. కానీ ఈ పురుగూ పుట్రా కత పేపర్లో పడితే మన పప్పు ఎవుడు కొంతాడు? ఉన్నోల్ల బతుకులు సూడాల కదా."

నేను ఆయన ముందు ఎప్పుడూ తలెత్తి మాట్లాడలేదు, నీకు తెలుసు. ఆ రోజు మాట్లాడాను. "పప్పు మంచిదే బాబూ. అంత ఏడిలో ఆ పురుగు బతకదని డాక్టరమ్మే సెప్పింది. సెడ్డది గుడ్డ. అదేటి, నువ్వు అమ్ముకునే సరుకా? అది మా గుడ్డ. మేమే కాలుసుకుంతాం," అన్నాను. ఇంకా అన్నాను, సబ్బు పెట్టించు, కుళాయి పెట్టించు, చేతికి తొడుగులు ఇప్పించు, అప్పుడు మేమే పేపరువాళ్ళకి చెప్తాం మా షావుకారు ఎంత మంచివాడో అని. రేపటి నుంచి పనికి రావద్దన్నారు. వస్తానన్నాను. వెళ్ళాను కూడా. నా పీట మీద నేను కూర్చున్నాను, లేపడానికి ఎవరూ రాలేదు.

ఆ మర్నాడు అసిరమ్మ తన కొంగులోంచి దగ్గుమందు సీసా తీసింది, నిండా ఆముదం. నా వంక చూడకుండా తన వేళ్ళకి తను రాసుకుంది. మూడో రోజుకి వరసంతా సీసాలే. ఒకరిది షాంపూ సీసా, ఒకరిది తేనె సీసా. సోములు పెళ్ళాం మొగుడు తాగి పారేసిన సీసా కడిగి పట్టుకొచ్చింది. "ఇన్నాల్లకి మీ ఆయన తాగుడు పనికొచ్చినాది," అంది అసిరమ్మ. చెల్లి పోయాక షెడ్డులో నవ్వు వినబడటం అదే మొదలు. నేనూ నవ్వాను. నవ్వానని ఇంటికొచ్చి ఏడ్చాను. రెండు వారాలకి కుళాయి వచ్చింది, సబ్బు వచ్చింది. తొడుగులు ఇంకా రాలేదు. వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.

శ్రావణీ, ఇంతవరకూ రాసి ఒక రోజు ఆగాను. ఇక నువ్వు అడిగిన మొదటి మాట.

ఆ గుడ్డ షెడ్డులోనే ఉండిపోలేదు. వినాయకచవితి ముందు చెల్లి కాళ్ళు మండుతున్నాయని ఏడుస్తుంటే, అసిరమ్మని అడిగి ఆ గుడ్డ కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చాను. ఇంట్లో గూట్లో ఆముదం సీసా నిండుగా ఉంది. అయినా ఆ గుడ్డే తెచ్చాను, పాతదానికి గుణం ఎక్కువని. దాన్ని చెల్లి పుండ్ల మీద పెట్టి కట్టు కట్టాను. పొద్దున్న విప్పి షెడ్డుకి తీసుకెళ్ళేదాన్ని, సాయంత్రం తెచ్చి మళ్ళీ కట్టేదాన్ని. ఆరు రోజులు. వాసనేస్తోందని అది కాలు లాక్కుంటే తొడ మీద ఒక్కటి వేశాను. నా పిల్లకి కాబట్టి నేను తెచ్చుకోగలిగాను, అందరికీ దొరుకుతుందా అని ఆ రోజు గర్వపడ్డాను కూడా.

చెల్లి కాలి మీదున్న ఇంటిపేరే నా కుడిచేతి బొటనవేలి పగులులో దొరికింది.

డాక్టరమ్మకి ఇదీ చెప్పాను. గుడ్డ వల్లేనని అనుకోవద్దు, నువ్వు ముట్టుకున్నా వచ్చేది, దోమకాటు గోకిన గోళ్ళ నుంచైనా వచ్చేది అంది. మంచిది కాబట్టి అంది. మీ నాన్నకి చెప్పాను. పెయ్య వీపు నిమురుతూనే, పిల్ల రాత అంతే అన్నాడు. రాత అంటే ఊరుకోనని చెప్పాను. రాత అనుకునే కదా పది రోజులు తలుపు వేసి ఉంచాం. ఆయన ఆ తర్వాత టిన్ను తేవడం మానేసి నూతి నీళ్ళే తాగడం మొదలెట్టాడు, తనకి తాను వేసుకున్న శిక్షలాగ. సైకిలు నేనే బయటికి తీసి చేతికిచ్చాను. ఆ రోగం ఎక్కడికీ పోలేదు, వెళ్ళి తీసుకురా అన్నాను. తెస్తున్నాడు.

నాకు ఓదార్పు వద్దు తల్లీ. తప్పు చేశాను. నాకు తెలియక చేశాను, తెలియజెప్పేవాళ్ళు ఎవరూ లేక చేశాను, అయినా చేసింది నేను. ఈ తప్పు నాది కాదని ఎవరన్నా అంటే నా బిడ్డ ఉత్తినే పోయినట్టు అవుతుంది. నాదే అన్నాను కాబట్టే ఆ గుడ్డ కాలింది, మిగతా ముగ్గురు పిల్లలకి సూది పడింది. వాళ్ళు ముగ్గురూ ఇప్పుడు బడికి వెళ్తున్నారు.

ఏడో నెలలో ఎందుకు రాలేదంటే, నా చేతికి భయపడి రాలేదు. మా పదకొండుగురికీ పెన్సిలిన్ సూది వేశారు. మళ్ళీ పరీక్ష చేస్తే పదిమందికి పోయింది, నా బొటనవేలికి పోలేదు. నువ్వు కడుపుతో ఉన్నావని, పురిటికి తెచ్చుకుంటానని డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ మొహం మారిపోయింది. ఈ పురుగు బాలింత ఒంట్లోకి వెళ్తే పురిటి జ్వరం వస్తుందని, పూర్వం మంత్రసాని చేతుల నుంచే చాలామందికి అంటేదని చెప్పింది. నేను రావడం అంటే ఏమిటి? నీ తల దువ్వడం, నీ నడుముకి నూనె రాయడం, పుట్టినదాన్ని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోయడం. అన్నీ ఈ చేతులే. అందుకని నాకు ఒంట్లో బాగోలేదని నీకు అబద్ధం చెప్పించాను. రోజుకి ఏడుసార్లకి తగ్గకుండా లెక్కపెట్టి సబ్బుతో చేతులు కడిగాను. మళ్ళీ సూది. మూడు వారాలు పిక్క ముట్టలేదు, అసిరమ్మ వాళ్ళు నా వంతు కొట్టిపెట్టారు. పగులు మూసుకుంది. ఇంకో పరీక్ష శుభ్రం. ఇంకొకటి శుభ్రం. మొన్న సోమవారం ఆఖరిదీ వచ్చింది, శుభ్రం. కాగితం దీనితో పెడుతున్నాను. అది ఇంగ్లీషులో ఉంది, అల్లుడుగారు చదువుతారు.

ఎనిమిదో నెల ప్రయాణం పనికిరాదు. అది వెళ్ళి తొమ్మిది రాగానే మొదటి ఆదివారం ఖరగ్‌పూర్‌లో దిగుతాను. మీ నాన్న కూడా వస్తాడు. పురుడు టెక్కలి ఆసుపత్రిలోనే, ఇంట్లో కాదు, అది ఖాయం చేసుకున్నాను. మీ అత్తగారు గుమ్మంలో నిలబెడితే నిలబడతాను. చేతులు చూపించమంటే రెండువైపులా చూపిస్తాను.

ఈ ఉత్తరం నువ్వు పొయ్యిలో పెట్టకు. దాచకు కూడా. మొదలుపెట్టినప్పుడు నీ ఒక్కదానికే అనుకున్నాను, ఇప్పుడు కాదు. మీ అత్తగారినీ అల్లుడుగారినీ కూర్చోబెట్టి, ఏ స్పీకరూ లేకుండా నీ నోటితోనే గట్టిగా చదువు. గుడ్డ సంగతి దగ్గర ఆగిపోకు. అదీ చదువు. అదంతా విన్నాక కూడా నా వెంట పంపుతామంటే నా బిడ్డని తెచ్చుకుంటాను. పంపం అంటే, నువ్వే రానంటే, నీ తలకి నూనె రాసి, జడ వేసి, వచ్చిన రైల్లోనే తిరిగి వెళ్ళిపోతాను. నిన్ను తప్పు పట్టను. ఒక కూతురి దగ్గర నా చేతిని నమ్మి చెడ్డాను, ఇంకో కూతురిని నా చేతిని నమ్మమని ఎలా అడుగుతాను? నమ్మేది నమ్మనిది నీ ఇష్టం. నిజం మాత్రం నీ చేతిలో పెడుతున్నాను.

ఒక్కటి మాత్రం అడుగుతాను, అది నీ ఇష్టానికి వదలను. నీ బిడ్డకి మాటలొచ్చాక, నీకు ఒక పిన్ని ఉండేదని చెప్పు. పేరు ఐశ్వర్య అని చెప్పు. దూడలకి పేర్లు పెట్టేదని చెప్పు. ఎలా పోయిందని అడిగితే నీళ్ళని చెప్పకు, రాత అని చెప్పకు. స్ట్రెప్టోకాకస్ అని చెప్పు. నోరు తిరగకపోతే వల్లె వేయించు, నేను నేర్చుకోలేదా? ఆ పేరు పలికి వాడు నవ్వినా పరవాలేదు. పిన్ని అని మాత్రం నవ్వకుండా అనడం నేర్పు. నవ్వడని దానికి నేను మాటిచ్చాను.

ఇట్లు,
చేతులు కడుక్కుని ఈ కాగితం మడిచిన
మీ అమ్మ,
రత్నాలమ్మ